హేలీ హిల్ మీద శనివారాలు

ఏటా దసరాకి ముందు అటక మీది ఇత్తడి సామాను కిందికి దిగుతుంది. చింతపండూ ముగ్గూ కలిపి తోమడం నా పద్ధతి. ఈసారి మా కోడలు "మీ చేతులు అరిగిపోతాయి అత్తయ్యా" అంటూ బ్రాసో తెప్పించింది. మూత తిప్పగానే ఆ ఘాటు గుప్పుమంది. చేతిలో కుంది అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. మా పుట్టింటి పూజగదిలో ఎన్నడూ లేని వాసన అది. నాకు తెలిసింది ఇంగ్లండులో, యార్క్‌షైర్ పడమటి కొండల్లో, హాలిఫాక్స్ ఊరి హేలీ హిల్ మీదున్న ఆల్ సోల్స్ చర్చిలో. బ్రాసో పుట్టిందీ యార్క్‌షైర్‌లోనే లెండి, హల్ రేవుపట్నంలో.

మా వారు అక్కడి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరు. వైజాగ్, గుంటూరు కాలేజీల్లో చదువుకున్నవాళ్ళు వరసపెట్టి విమానాలెక్కుతున్న కాలం. నేనూ పెళ్ళైన కొత్తలోనే బొంబాయిలో విమానం ఎక్కాను. ఎక్కేముందు బొంబాయి యూనివర్సిటీలో రాజాబాయి గడియారం గోపురం చూపించారు మా వారు. దాన్ని గీసినాయనే నేను రోజూ చూడబోయే చర్చినీ గీశాడని అప్పుడు నాకెలా తెలుస్తుంది?

* * *

ఊరంతా నలుపు. ఇళ్ళు, ప్రహరీలు, రైల్వే స్టేషను, చెట్ల మొదళ్ళు కూడా. తేనెరంగు ఇసుకరాతి మీద వందేళ్ళ బొగ్గుపొగ పట్టిన నలుపు. కొండ కింద డీన్ క్లఫ్‌లో క్రాస్లీ వాళ్ళ తివాచీల మిల్లు, అరమైలు పొడవున. ఒకప్పుడు ప్రపంచంలో అంత పెద్ద తివాచీ మిల్లు లేదనేవారు. నేను వెళ్ళేసరికి సగం ప్రాణంతో ఉంది. అయినా షిఫ్టు మారేవేళ కూత వేస్తే మా వంటింట్లో గ్లాసులు కదిలేవి. రాత్రి షిఫ్టుకి ఎక్కువగా మీర్‌పూర్ నుంచి వచ్చిన పాకిస్తానీ కుర్రాళ్ళు పోయేవారు. వాళ్ళ పుణ్యమా అని ధనియాలు, పసుపు, ఎండుమిరపకాయలు ఊళ్ళోనే దొరికేవి. కొట్టుగలాయన భార్యతో నా వచ్చీరాని హిందీ, ఆవిడ పంజాబీ. ఇద్దరికీ కావాల్సింది ఒక్కటే కాబట్టి భాష అడ్డొచ్చేది కాదు.

మా అద్దె ఇల్లు కొండమీద ఆక్రాయిడన్‌లో. మధ్యలో చతురస్రంగా తోట, చుట్టూ వరస ఇళ్ళు, సూదిమొన కమానుల గుమ్మాలు. తలుపుల పైన రాతి డాలు మీద అక్షరాలు చెక్కి ఉండేవి. మొదట ఆ ఇల్లు కొనుక్కున్న మనిషి పేరులోని పొడి అక్షరాలవి. మిల్లులో పనిచేసినవాడి పేరు ఇంటి నుదుటి మీద! మా తాతగారి ఊళ్ళో పెంకుటిళ్ళ మీద కట్టించినవారి పేరూ సంవత్సరమూ ఉండేవి గానీ అవి షావుకార్ల ఇళ్ళు.

సోమవారం అందరూ బట్టలు ఉతికే రోజు. నేను గురువారం నాడు తెల్ల నేతచీర ఆరేశాను. సాయంత్రానికి దానిమీద మిరియాల పొడి చల్లినట్టు మసి. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి తల పెట్టి, "గాలి డీన్ క్లఫ్ వైపు నుంచి వీస్తోంటే ఆరెయ్యకమ్మా" అంది. అదే మా పరిచయం. మామ్మగారనే అనుకునేదాన్ని మనసులో. ఇక్కడా అలాగే అంటాను.

* * *

మామ్మగారు పన్నెండో ఏట మిల్లుకి పోయింది. పొద్దున మిల్లు, మధ్యాహ్నం బడి. మరుసటి వారం పొద్దున బడి, మధ్యాహ్నం మిల్లు. అక్కడ దాన్ని చట్టమే ఒప్పుకునేది, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గానీ ఎత్తెయ్యలేదు. "బడిలో నిద్రపోయేవాళ్ళం. మేష్టారు లేపేవాడు కాదు, మంచివాడు" అనేది. తెల్లారకముందే ఒకాయన పొడవాటి గడ కొసన తీగలు కట్టుకుని వీధి వెంట వచ్చి మేడమీది కిటికీలు టకటకలాడించేవాడట, మేలుకొలుపు. వారానికింతని కూలి ఇచ్చేవారు. ఆ వెంటనే చెక్క అడుగుల చెప్పులు రాతిబాట మీద ఒక జత, పది జతలు, వందలు. ఆ చప్పుడు ఆవిడ టేబుల్ మీద వేళ్ళతో వాయించి చూపించేది, మొదట నెమ్మదిగా, తర్వాత రెండు చేతులతో. నేను వెళ్ళేసరికి ఆ చెప్పులూ లేవు, గడ మనిషీ లేడు.

ఊలు వడికే యంత్రాల హోరులో ఆవిడ చెవులు దెబ్బతిన్నాయి. మిల్లు ఆడవాళ్ళు పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవారట, అందుకని ప్రతి మాటనీ నోరంతా తెరిచి, పెదాలతో బొమ్మ గీసినట్టు పలికేవారు. ఇంగ్లీషు పుస్తకాల్లో తప్ప యార్క్‌షైర్ యాస ఎరగని నాకు ఊరు మొత్తం మీద అర్థమైన మొదటి మనిషి ఆవిడే. చెవిటితనం కోసం నేర్చిన మాటతీరు పరదేశం పిల్లకి అక్కరకొచ్చింది.

ఒక శనివారం బకెట్టు పట్టుకుని మా తలుపు కొట్టింది. "నాకు మోకాళ్ళు వంగడం లేదు. నువ్వు ఊరికే కూర్చుని ఉన్నావుగా."

"నేను మీ మతం కాదండీ" అన్నాను.

"ఇత్తడికి మతమేమిటి?"

అలా వెళ్ళాను ఆల్ సోల్స్ చర్చిలోకి. ఆ తర్వాత మేం ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ శనివారం పొద్దుటిపూట అదే పని.

* * *

లోపల బయటికంటే చలి. మామ్మగారు చేతుల్లేని కోటు తొడుక్కుని, తలకి గుడ్డ కట్టుకుని, మోకాళ్ళ కింద చాప వేసుకునేది. నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఒకరు పూలు, ఒకరు నేల, ఒకరు బల్లలకి మైనం. మాకు ఇత్తడి. గుడ్డ మీద బ్రాసో వేసి రుద్దితే ముందు నల్లగా వస్తుంది, అది ఆరాక రెండో గుడ్డతో తుడవాలి. "తొందరపడితే కనిపెట్టేస్తుంది" అనేది ఇత్తడిని ఉద్దేశించి. గర్భాలయానికి అడ్డంగా ఇనుప అల్లికల జాలీ. కావెంట్రీలో స్కిడ్‌మోర్ అనే లోహశిల్పి చేసింది. ఇనుముని మల్లెతీగలా వంచాడు మహానుభావుడు. దాని సందుల్లో దుమ్ము దులపడానికి మాత్రం పాత టూత్‌బ్రష్షులే గతి.

ఎండ వచ్చిన రోజున (వచ్చేది అప్పుడప్పుడూ) క్లేటన్ అండ్ బెల్, హార్డ్‌మన్ లాంటి పేరున్న వాళ్ళు చేసిన రంగుటద్దాల్లోంచి నీలం, ఎరుపు మడుగులు నేల మీద పడేవి. మామ్మగారి తెల్లజుట్టు ఓ క్షణం కుంకుమ రంగులో ఉండేది. నేను నవ్వితే అద్దం వైపు చూసి, "ఆ సాధువుకి నేనంటే ఇష్టం" అనేది.

మధ్యలో టీ. టీతో పాటు కథలు. చర్చి చరిత్ర నాకు తెలిసింది ముందు ఆ ఆడవాళ్ళ నోటనే. తర్వాత బ్యాంక్‌ఫీల్డ్ లైబ్రరీలో పుస్తకాలు తీసి చూస్తే వాళ్ళు చెప్పినదాన్లో పెద్ద తేడా ఏం లేదు, తిట్లు తప్ప.

* * *

ఎడ్వర్డ్ ఆక్రాయిడ్ ఉన్నిదారం, ఉన్నిగుడ్డల మిల్లుల యజమాని. తండ్రి జోనథన్ 1847లో పోతే వ్యాపారమంతా ఇతని చేతికొచ్చింది. పుట్టింది మెథడిస్టుల ఇంట్లో, పెద్దయ్యాక ఆంగ్లికన్ చర్చిలో కలిశాడు. కొత్తగా కలిసినవాడికి పట్టుదల ఎక్కువ కదా. తన ఇంటి ఎదురుగా, తన మిల్లు మనుషుల కోసం, మొత్తం తన సొమ్ముతో ఈ చర్చి ఎత్తించాడు. 1856లో మొదలై, 1859 నవంబరు 2న ప్రతిష్ఠ జరిగింది. ఆ రోజు చనిపోయిన ఆత్మలందరినీ తలచుకునే పండగ, అందుకే చర్చికి ఆ పేరు.

గీసింది జార్జ్ గిల్బర్ట్ స్కాట్. లండన్ సెయింట్ పాంక్రస్ హోటలు, మన రాజాబాయి గోపురం ఆయనవే. తను కట్టిన చర్చిల్లో మొత్తం మీద ఇదే మేలైనదని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అయితే ఇంత గొప్పగా కట్టాలని మొదట అనుకోలేదనీ, అందువల్ల ప్లాను పెద్దది వెయ్యలేకపోయామనీ ఒక నిట్టూర్పు కూడా విడిచాడు. నిజమే, లోపల చెక్కడాల బరువుకి స్థలం కాస్త ఇరుకనిపిస్తుంది.

గోపురం ఎత్తు 236 అడుగులు. ఈ లెక్క ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చేది. ఎందుకంటే కొండ కింద క్రాస్లీ వాళ్ళు వేరే శాఖ క్రైస్తవులు, వాళ్ళ డబ్బుతో లేచిన స్క్వేర్ చర్చి గోపురం 235. ఒక్క అడుగు! అది కావాలని చేసిందేనని ఊరంతా నమ్మేది. మామ్మగారైతే ఆక్రాయిడ్ నిచ్చెన వేసుకుని ఎక్కి కొలిచినంత ఖాయంగా చెప్పేది. తివాచీల షావుకారూ, ఉన్నిగుడ్డల షావుకారూ పోటీపడి పార్కులు, అనాథశరణాలయాలు, ఇళ్ళు, గుళ్ళు కట్టారు. పోటీ ఏదైనా ఊరికి మిగిలింది బాగానే ఉంది.

ఆక్రాయిడ్ తన పేరు మీద కట్టించిన మా ఆక్రాయిడన్ ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. మొదటి నమూనాలు స్కాట్‌వే, కట్టించింది ఆయన దగ్గర పనిచేసిన క్రాస్‌లాండ్. పనివాళ్ళు సొంత ఇంటివాళ్ళు కావాలని ఆక్రాయిడ్ పంతం. 1853లో పుట్టిన హాలిఫాక్స్ బిల్డింగ్ సొసైటీ అప్పు ఇచ్చేది, ముందు కట్టాల్సిన సొమ్ము లేనివాళ్ళకి తనే పూచీ ఉండేవాడు. 1859లోనే కూలీనాలీ వాళ్ళు పెన్నీలు దాచుకోవడానికి యార్క్‌షైర్ పెన్నీ బ్యాంకు పెట్టించాడు. ఇంత చేసినా జనానికి ఆ సూదిమొన గోతిక్ కిటికీలు నచ్చలేదట. వెలుతురు రాదనీ, దిక్కులేనివాళ్ళ సత్రాల్లా ఉన్నాయనీ గొణిగారు. షావుకారు అందం చూశాడు, ఉండేవాళ్ళు వెలుతురు చూశారు. నవంబరులో మధ్యాహ్నం మూడింటికే లైటు వేసుకుని ఆ కిటికీ పక్కన బియ్యం ఏరుకున్న నేను ఉండేవాళ్ళ పక్షం.

* * *

ఒక అక్టోబరు చివర టెలిగ్రాం వచ్చింది. నాన్నగారు పోయారు. అందేసరికే అక్కడ అన్నీ అయిపోయాయి. టిక్కెట్టుకి డబ్బు లేదు, ఉన్నా వెళ్ళి చూసేదేముంది? మా వారు డ్యూటీలో ఉన్నారు. నేను ఏడుస్తూ ఉంటే మామ్మగారు వెనక గుమ్మంలోంచి వచ్చింది, ఏమైందని అడగలేదు, టెలిగ్రాం చదివింది. పొయ్యిలో బొగ్గు వేసి టీ పెట్టింది. దాన్లో మూడు చెంచాల పంచదార వేసింది.

రెండ్రోజులు పోయాక ఒక కాగితం తెచ్చింది. "మీ నాన్నగారి పేరు పెద్ద అక్షరాల్లో రాయి. ఎలా పలకాలో కింద విడగొట్టి రాయి."

నవంబరు 2 సాయంత్రం అక్కడ పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. మనకి మహాలయ పక్షం ఉన్నట్టే. పేరు చదవడానికి ఎవరి మతమేమిటని అక్కడెవరూ అడగలేదు. చీర మీద కోటు వేసుకుని వెనక వరసలో కూర్చున్నాను. హాజరైనవాళ్ళు పాతికమందికి మించరు, పేర్లు మాత్రం చాలా ఉన్నాయి. మొదటి యుద్ధంలో పోయిన అన్నలు, మిల్లు చెయ్యి నలిపేస్తే పోయిన తండ్రి, పుట్టిన వారానికే పోయిన పసిగుడ్డు. స్మిత్‌లు, గ్రీన్‌వుడ్‌లు, సట్‌క్లిఫ్‌లు. వాటి మధ్యలో గోదావరి ఒడ్డున పుట్టి అక్కడే పోయిన మా నాన్నగారు. ఫాదర్ గారు ఇంటిపేరుని రెండుగా విరిచి, అసలు పేరులో ఒక అక్షరం మింగేసి చదివారు. మామ్మగారు గట్టిగా, చర్చి మొత్తానికి వినపడేలా, "తప్పు చదివాడు" అంది. తను ఎంత గట్టిగా మాట్లాడుతోందో తనకి తెలియదు పాపం. ఆయన ఆగి, కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చదివారు. ఈసారి సరిగ్గా వచ్చింది.

ఆ రాత్రి నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. మా అమ్మకి ఉత్తరంలో రాస్తే, "ఎవరు చదివితేనేం, చదివారుగా" అని జవాబిచ్చింది.

* * *

1974 మొదట్లో బొగ్గు గని కార్మికుల గొడవ వల్ల ఫ్యాక్టరీలకి వారానికి మూడ్రోజులే కరెంటు. చీకటైతే కొవ్వొత్తులు. ఊళ్ళో కొవ్వొత్తులు అయిపోతే చర్చి సామాన్ల గదిలోంచి పొట్టి ముక్కలు మామ్మగారు కొంగున, అదే, యాప్రన్‌లో కట్టుకొచ్చి వీధికంతా పంచింది. దొంగతనం కాదా అంటే, "నలభై ఏళ్ళుగా వాటి మైనం గీకుతున్నాను, జీతమనుకో" అంది.

అప్పటికే చర్చి ఒంట్లో బాగాలేదు. గోడలు మామూలు ఇసుకరాయే గానీ, చెక్కడాలకి, అంచులకి స్కాట్ మెగ్నీషియం ఉన్న సున్నపురాయి వాడాడు. మెత్తగా చెక్కుడుకి లొంగుతుంది, చూడ్డానికి వెన్నలా ఉంటుంది. హాలిఫాక్స్ గాలికి మాత్రం పనికిరాలేదు. బొగ్గుపొగలోని గంధకం వానలో కలిసి ఆమ్లమై ఆ రాయిని తినేసేది. మా వారు ఒకరోజు రాలిన పెచ్చు చేతిలో తిప్పి చూస్తూ, "మెగ్నీషియం మీద గంధకామ్లం పడితే ఏమొస్తుందో తెలుసా? భేదిఉప్పు. మీ చర్చి భేదిఉప్పుగా మారిపోతోంది" అన్నారు. నేను మామ్మగారికి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఆ పొగ మేం పనిచేసిన చిమ్నీల్లోదే కదా" అంది.

అంతకంటే బాగా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు. ఏ పొగగొట్టాలు సంపాదించిన డబ్బుతో గోపురం లేచిందో, ఆ పొగగొట్టాలే దాన్ని కొరికాయి. మధ్యలో ఈ ఆడవాళ్ళు శనివారం శనివారం బకెట్లతో తుడిచారు.

చిత్రమేమిటంటే, ఊరు తెల్లబడుతున్నప్పుడే చర్చి కూలిపోయే స్థితికొచ్చింది. గాలి శుభ్రత కోసం చేసిన 1956 చట్టం వల్ల పొగ తగ్గుతూ వచ్చింది, మిల్లులు మూతపడడంతో ఇంకా తగ్గింది. పెద్ద భవనాలకి సారువలు కట్టి గోడలు కడిగితే లోపల్నుంచి తేనెరంగు బయటపడేది. జనం ఆగి చూసేవారు. మా కొండమీద మాత్రం రాళ్ళు రాలతాయని ఒకవైపు తాడు కట్టారు. వానకి లోపల బకెట్లు పెట్టాం, తోమే బకెట్లే. మరమ్మతుకి కావాల్సిన డబ్బు వింటే ఆదివారం వచ్చే ఆ కాస్త మందికీ గుండె ఆగేది. డెబ్బైల చివర్లో ఆరాధనలు నిలిచిపోయాయి. అప్పటికి మేం వేరే ఊరికి మారిపోయాం. మామ్మగారు క్రిస్మస్ కార్డులో రెండే వాక్యాలు రాసింది. తాళం వేశారు. గుడ్డలు ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఆ తర్వాత రెండు కార్డులు వచ్చాయి. మూడో ఏడు రాలేదు.

* * *

చర్చిని పడగొట్టలేదు. వారసత్వ కట్టడాల కోసం పోరాడేవాళ్ళు పూనుకుని, ఒక ట్రస్టు పెట్టి, నిధులు కూడగట్టి రాళ్ళు మార్పించారు. 1989లో అది వాడుకలో లేని చర్చిలని కాపాడే జాతీయ సంస్థ చేతికి వెళ్ళింది. ఇప్పుడా సంస్థ పేరు చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్.

మొన్నామధ్య లీడ్స్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళమన్నాను. డీన్ క్లఫ్ మిల్లులో ఇప్పుడు ఆఫీసులు, బొమ్మల గ్యాలరీలు, కాఫీ కొట్లు. క్రాస్లీ వాళ్ళ స్క్వేర్ చర్చి 1971లో తగలబడగా మిగిలిన గోపురాన్ని కొత్త లైబ్రరీలో కలిపి కట్టారు. ఆక్రాయిడ్ ఉన్న బ్యాంక్‌ఫీల్డ్ మ్యూజియం అలాగే ఉంది. అక్కడి సైనికదళం చిహ్నంలో అంబారీ ఏనుగు, "హిందూస్తాన్" అన్న పేరు. ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆ ఏనుగుని చూడ్డానికే మ్యూజియంకి పోయేదాన్ని. అది మన మీద యుద్ధాలు చేసినందుకిచ్చిన గుర్తని తెలిశాక కూడా పోయేదాన్ని, ఏనుగు ఏం చేసింది పాపం.

చర్చి తాళం తీసి చూపించిన వాలంటీరు చాలా మర్యాదస్తుడు. ఇక్కడ నేను ఇత్తడి తోమేదాన్నంటే సంబరపడి, దేనితో తోమేవారని అడిగాడు. చెప్పాను. అతని మొహం మాడిపోయింది. పాత ఇత్తడికి అది గరుకు, అక్షరాలు అరిగిపోతాయి, ఇప్పుడు నిపుణులు ఒప్పుకోరట. మెత్తటి పొడిగుడ్డే. మామ్మగారు వింటే ఏమనేదో ఊహించుకుని, ఆ మాట అతనికి చెప్పలేదు.

మా అబ్బాయికి ఆక్రాయిడ్ అంటే ఒళ్ళుమంట. "పన్నెండేళ్ళ పిల్లల్ని మిల్లులో పెట్టే కాలంలో సంపాదించి దేవుడికి మేడ కట్టాడు, మీరు దాన్ని తుడిచారు" అన్నాడు. ఇంటి నుదుటి మీద పేర్ల సంగతి చెప్పాను. పెన్నీ బ్యాంకు చెప్పాను. ఆక్రాయిడ్ ఆఖరికి ఆస్తి చాలావరకు కరిగిపోయి, ఊరొదిలి దక్షిణాన సముద్రపు ఒడ్డున 1887లో పోయాడని కూడా చెప్పాను. "అయితే కాప్లీ చూద్దాం పద" అని కారు తిప్పాడు. అది ఆయన అంతకుముందు కట్టించిన ఊరు, రైలు వంతెన పక్కన. ఖర్చు తగ్గుతుందని వీపుకి వీపు ఆనించి కట్టిన ఇళ్ళు, వెనక కిటికీ ఉండదు. "ఇదిగో" అన్నాడు మా వాడు, కేసు గెలిచినట్టు. కాల్డర్ నది అవతల క్రాస్‌లాండ్ కట్టిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి ఉంది, అది కూడా ఆ ట్రస్టుదే. "ఇదిగో" అన్నాను నేను. లోపల చూద్దామంటే తాళం వేసుంది. చేపలూ ఆలూచిప్సూ వాడు తిన్నాడు, నేను చిప్సు తిన్నాను, లీడ్స్ చేరేదాకా వాదించుకున్నాం.